కప్పలన్నీ అరిచిన ఏడాది

ఆ వసంతంలో మా పెరటి చెరువులో కప్పలు అరిచిన అరుపు అంతకు ముందెన్నడూ వినలేదు. పొద్దు వాలగానే మొదలయ్యేది. వంటింట్లో పక్కపక్కనే నిలబడి కూడా అత్తమ్మా నేనూ ఒకరి మాట ఒకరికి వినపడక సైగలతో వంట చేసుకునేవాళ్లం. మా ఆయన కిమ్‌ఫుక్ అన్నం గిన్నె పట్టుకుని వాకిట్లో చతికిలబడి, "అమ్మా, ఈ ఏడు నీ కప్పలకి పెళ్లిళ్ల జోరు మామూలుగా లేదే!" అని గొంతు చించుకునేవాడు. అత్తమ్మ మురిసిపోయేది. ఆవిడకంటే ఎక్కువ నేను మురిసిపోయాను. ఎందుకంటే ఆ కప్పల్ని పోయినేడు తోకకప్పల నాటి నుంచి పెంచింది నా చేతులే.

నా పేరు ఆ-లాన్. అత్తమ్మ పేరు మాన్‌మొయ్. పింగ్‌తుంగ్ మైదానంలో హక్కా మాట్లాడే మా ఊళ్లన్నిటిలోనూ ఆ పేరు ముందు 'కప్పల' అని చేర్చకపోతే ఎవరికీ తెలిసేది కాదు. భర్త పోయిన ఏడాది, చంకలో ఒక పిల్ల, చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడు, పొలం గట్ల మీద పట్టిన పదకొండు పులికప్పలు, ఇంతే ఆస్తిగా ఆ చెరువు మొదలుపెట్టింది. పులికప్పలంటే ఒంటి మీద చారలుండే బలిసిన కప్పలు. ఆపరేషనయి ఇంటికొచ్చినవాళ్లకీ, జ్వరం పడి లేచిన పిల్లలకీ మా వైపు అల్లం వేసి పులుసు పెట్టేది వీటితోనే. పందొమ్మిదేళ్లుగా మా చెరువులో ఉన్నదంతా ఆ పదకొండింటి సంతతే. మే నెలలో వానలు పట్టుకోగానే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బకెట్లతో వచ్చి, తోకకప్పల్ని తీసుకెళ్లి తమ గుంటల్లో పెంచుకునేవాళ్లు. మాన్‌మొయ్ ఇచ్చిన పిల్ల చావదని పేరు. ఈ ఏడు లేవు పొండి అని ఆవిడ ఒక్క ఏడు కూడా ఎవరినీ వట్టి బకెట్‌తో పంపలేదు. మగదిక్కు లేని మనిషిగా ఊళ్లో ఆవిడ సంపాదించుకున్న పరువంతా ఆ చెరువులోనే ఉండేది.

గుడ్లు పెట్టిన తెల్లారి చెరువు అంచున నీళ్ల మీద నానిన సగ్గుబియ్యం పరిచినట్టు ఉంటుంది, ఒక్కో గింజలో ఒక్కో నల్ల చుక్కతో. వాటిని చేటతో తేల్చి తీసి వేరే తొట్లలో వెయ్యాలి. ఆలస్యమైతే చెరువులోని పెద్ద కప్పలే తినేస్తాయి. అందుకని మార్చిలో కప్పలు మట్టిలోంచి లేచిన నాటి నుంచి అత్తమ్మ రోజూ తెల్లారగానే చేట పట్టుకుని చెరువు చుట్టూ తిరిగేది. ఆ ఏడూ తిరిగింది. రోజూ వట్టి చేటతోనే వచ్చింది.

"ఉన్నాయా అత్తమ్మా?"

"లేవే. చలి ఇంకా పోలేదుగా."

వారం తర్వాత అడిగితే, "నీటిపాము దూరినట్టుంది. దొరకనీ, దాని తోలు తీస్తా" అంది.

ఇంకో వారానికి చేట నా చేతికిచ్చింది. "నాకు కళ్లు ఆనడం లేదేమో. నువ్వు చూడు."

నేను చూశాను. నా కళ్లకు ఏ రోగమూ లేదు. గుడ్లే లేవు. సాయంత్రమయ్యేసరికి మాత్రం చెరువు హోరెత్తిపోయేది.

ఏప్రిల్‌లో, పెద్దల సమాధులు శుభ్రం చేసే పండగ అయిన మర్నాడు, అత్తమ్మ రబ్బరు ప్యాంటు తొడుక్కుని నడుము లోతు నీళ్లలో దిగింది. నన్ను వల సంచి పట్టుకుని గట్టు మీద నిలబడమంది. ఒక కప్పని పట్టి, వెల్లకిలా తిప్పి, బొటనవేలితో దాని గడ్డం ఎత్తి చూసింది. మగకప్పకు గొంతు కింద రెండు పక్కలా నల్లటి ముడతలుంటాయి. అరిచేటప్పుడు ఉబ్బేవి అవే. అరిచేది ఎప్పుడూ మగదే. ఆడది నోరెత్తదు, ఆ అరుపు విని దగ్గరికొస్తుంది.

"మగది," అని సంచిలో పడేసింది.

రెండోదీ మగదే. మూడోదీ మగదే. పదో కప్ప దాకా పైకి చెబుతూ వచ్చింది. ఇరవై అయ్యాక చెప్పడం మానేసింది. నేను సంచి నిండగానే మూతి కట్టి పక్కన పెట్టి, ఇంకో సంచి తెరిచి పట్టుకుంటున్నాను. ఎండ నెత్తి మీదికొచ్చింది. నూట నలభై ఆరు కప్పలు. ఆఖరిదాన్ని ఆవిడ చాలాసేపు అరచేతిలో పట్టుకుని, మళ్లీ మళ్లీ గడ్డం ఎత్తి చూసింది, ఈసారైనా ముడతలు మాయమవుతాయేమో అన్నట్టు.

"అందరూ మగపిల్లాడు పుట్టాలని గుళ్లో అగరొత్తులు వెలిగిస్తారు," అంది. "ఎవరి మొక్కో దారి తప్పి నా చెరువులో పడ్డట్టుందే ఆ-లాన్."

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. గట్టు మీద కూర్చుని రబ్బరు ప్యాంటులోంచి నీళ్లు ఒంపుకుంది. సంచులన్నీ విప్పి కప్పల్ని మళ్లీ చెరువులోకి వదిలేయమంది. వదిలాను. ఎవరి మొక్కో నాకు అప్పటికే అర్థమైపోయింది.

చెరువుకు ఆ పక్కనే నాలుగు చిన్న చెరువుల్లో మా ఆయన చేపపిల్లల వ్యాపారం. తిలాపియాలు. ఆ చేపల్లో మగది గబగబా పెరుగుతుంది. ఆడది గుడ్లు పెట్టి, పిల్లల్ని నోట్లో మోసుకుని తిరుగుతూ ఎండిపోతుంది, చెరువంతా వేలెడేసి పిల్లలతో నింపుతుంది. అందుకే కొనేవాళ్లు మగవే కావాలంటారు. అప్పుడే పుట్టిన పిల్లలకు మూడు వారాలు ఒక మందు కలిపిన మేత పెడితే అన్నీ మగవే అవుతాయి. తైపే నుంచి చిన్న గోధుమరంగు సీసాలో వచ్చేది. దానికో పొడుగాటి పేరుంది గానీ మా వైపు అందరూ మగమందు అనేవాళ్లు. సారాలో కరిగించి, చేపపొడికి పట్టించి, వెదురు చేటల్లో నీడన ఆరబెట్టాలి. సారా వాసన పోయేదాకా కలియబెడుతూ ఉండాలి. ఆ కలియబెట్టే పని నాది. వట్టి చేతులతోనే చేసేదాన్ని. ఊళ్లో చేపలు పెంచే ఇళ్లలో ఆడవాళ్లంతా అలాగే చేసేవాళ్లు, కబుర్లు చెప్పుకుంటూ.

మిగిలిన మేత పారేయమనేవాడు కిమ్‌ఫుక్. పోయినేడు ఒక విడత పిల్లలు తెగులొచ్చి పోవడంతో రెండు డబ్బాల మేత అలాగే ఉండిపోయింది. గిన్నెలో ఒక్క మెతుకు వదిలినా మా అమ్మ అన్నం తినే పుల్లలు తిరగేసి వేళ్ల మీద కొట్టేది. అలా పెరిగినదాన్ని, పిండిలా మెత్తటి చేపపొడిని చెత్తకుప్పలో పోయమంటే చేతులెలా వస్తాయి? అదీగాక అప్పుడు తోకకప్పలకు నత్తల్ని ఏరి, ఉడికించి, నూరి పెట్టాలి. కొత్త కోడలిగా ఆ పని నా నెత్తిన పడింది. రోజూ చీకటితో లేచి కాలవ గట్లు పట్టుకుని తిరిగి తిరిగి విసుగెత్తి ఉన్నాను. ఒకరోజు గుప్పెడు పొడి తొట్లో చల్లాను. తోకకప్పలు ఎగబడి తిన్నాయి. ఆ రెండు డబ్బాలూ అయిపోయేదాకా అదే పెట్టాను. అత్తమ్మ నేను నత్తలే పెడుతున్నాననుకుంది. నేను కాదనలేదు.

నెల తిరిగేసరికి అవి బొద్దుగా తయారయ్యాయి. అత్తమ్మ తొట్ల మీద వంగి చూసి చూసి, నా వైపు తిరిగి, "నీ చెయ్యి మంచిదే అమ్మాయ్. నాకంటే మంచిది" అంది. పెళ్లయి వచ్చిన పధ్నాలుగు నెలల్లో ఆవిడ నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. ఇంకో రెండు డబ్బాలు మిగిలుంటే అవి కూడా పెట్టేసేదాన్ని.

మూడేళ్లకోసారి పాత కప్పల్ని తీసేసి, ఎదిగిన కొత్తవాటిని సంతానానికి ఉంచుకోవడం అత్తమ్మ పద్ధతి. అది మూడో ఏడు. నా కప్పలన్నీ ఒకే సైజులో నిగనిగలాడుతుంటే చూసి సంబరపడి, కొత్త సంవత్సరం ముందు పాతవన్నిటినీ పెళ్లి వంటలవాళ్లకు ఇచ్చేసింది. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. నా చేతి మీద అంత నమ్మకం.

ఇదంతా ఆ మధ్యాహ్నమే ఆవిడకు చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఆ మెచ్చుకోలు మాట వెనక్కి పోతుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, పందొమ్మిదేళ్ల సంతతి ఒక పక్క, నాకు దక్కిన ఆ ఒక్క మాట ఒక పక్క ఉంటే నేను ఆ మాటనే చూసుకున్నాను.

మా అమ్మకు నడుము పట్టేసిందని అబద్ధమాడి మర్నాడు కొండ వైపు బస్సెక్కాను. మా పుట్టిల్లు కొండ పాదంలో. అక్కడ మడులకు వాగు నీళ్లే, చేపల చెరువులు లేవు. నేను వెళ్లేసరికి నడుము పట్టేసిన మా అమ్మ పందులకు కుడితి మోస్తోంది.

"అమ్మా, నాకు పులికప్పలు కావాలి."

అమ్మ బాల్చీ కింద పెట్టింది. "కప్పలింటి కోడలివి, కప్పల కోసం పుట్టింటికొచ్చావా? నలుగురు వింటే పళ్లూడేలా నవ్వుతారే!"

"నవ్వులాట కాదు. ఆడవి కావాలి. పొట్టలో గుడ్లున్నవి."

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు."

"చిన్నప్పటి నుంచీ ఇంతే. కొంప ముంచే వస్తావు, వచ్చి ఏం చెయ్యలేదంటావు." ఇంకేం అడగకుండా గోడకు ఆనించిన వెదురు కర్ర తీసుకుంది.

కర్ర కొసన దారం, దారం కొసన వానపాముల ఉండ. గాలం ఉండదు. మడి గట్టు మీద గడ్డిలో ఆ ఉండను గెంతించుకుంటూ పోతే కప్ప ఎగిరి నోట కరుచుకుంటుంది, పైకి లేపినా వదలదు. మా అమ్మది ఆ విద్యలో అందెవేసిన చెయ్యి. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున కలిపి పద్దెనిమిది పట్టింది. అన్నిటి గడ్డాలూ ఎత్తి చూసి, పొట్టలు నొక్కి చూసి, మూడింటిని ఉంచి మిగతావి వదిలేసింది. మూడూ నా అరచేతిని దాటి ఉన్నాయి. పొట్టలు బరువుగా వేలాడుతున్నాయి.

తడి గోనెలో చుట్టి బుట్టలో పెట్టింది. బస్సు దగ్గర బుట్ట నా చేతికిచ్చీ ఇవ్వకుండా పట్టుకుంది.

"ఇవి మీ అత్త చేతిలో పెట్టు. దొంగచాటు పనైతే ఇప్పుడే చెప్పు, మళ్లీ మడిలో వదిలేస్తా."

"ఆవిడ చేతిలోనే పెడతాను," అన్నాను. మూడు రోజుల్లో అది మూడో అబద్ధం.

నేను ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్తమ్మ గుడికి వెళ్లింది. చెరువు అప్పుడే అరవడం మొదలుపెట్టింది. గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని గోనె విప్పాను. నా ఆలోచన చాలా తేలిక. రేపు తెల్లారేసరికి అంచున సగ్గుబియ్యం తేలుతుంది, అత్తమ్మ చేట నిండుతుంది, ఆడవి మూడు ఎక్కడో నక్కి ఉండిపోయాయి కాబోలు అనుకుంటాం, అంతటితో సరి. నూట నలభై ఆరు మగవాటి మధ్యకు మూడు ఆడవాటిని వదిలితే ఏమవుతుందో అనే మాట నాకు తట్టనే లేదు. ఒకదాని తర్వాత ఒకటి నీళ్లలోకి జారాయి. ఆ రాత్రి అన్నం కడుపు నిండా తిన్నాను.

తెల్లారి ఆవిడకంటే ముందు నేనే లేచి చేట పట్టుకుని పరిగెత్తాను. సగ్గుబియ్యం లేదు. గట్టు వార కప్పల ముద్ద ఒకటి తేలుతోంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ముందుకాళ్లతో బిగించి పట్టుకుని, పదిహేనో ఇరవయ్యో ఉన్నాయి. చేతులు పెట్టి విడదీశాను. ఎంత లాగినా వదలవు, వేళ్లు ఒక్కొక్కటిగా ఊడదీయాల్సి వచ్చింది. అన్నిటికింద నేను తెచ్చిన ఆడకప్ప. పైకి తేలి ఊపిరి పీల్చుకోనివ్వకుండా ముంచేశాయి దాన్ని. చచ్చిపోయినా వదల్లేదు. మరో రెండు ముద్దలు చెరువు నడుమ ఉన్నాయి. నేను బట్టలతోనే దిగాను. ఆ రెండింటి కిందా అంతే.

మూడింటినీ గట్టు మీద వరసగా పెట్టి తలెత్తితే అత్తమ్మ నిలబడి ఉంది.

"ఎక్కడివి ఇవి?" అంది. ఆవిడ కప్పలు కావని ఒక్క చూపులోనే తెలిసిపోయింది.

"మా అమ్మ పట్టిచ్చింది."

"ఆవిడకి నడుము పట్టేసిందన్నావుగా."

ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. డబ్బాలు, చేపపొడి, మగమందు, నత్తలు ఏరకపోవడం, ఆవిడ మెచ్చుకోవడం, నేను నోరు మూసుకోవడం. అత్తమ్మ వంగి, మొదటి కప్ప పొట్ట మీద వేలితో మెల్లగా నొక్కింది. నాలుగు గుడ్లు బయటికొచ్చి రాయి మీద అంటుకున్నాయి. వాటిని చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు కొడుతుంది, పుట్టింటికి పొమ్మంటుంది అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"చేతులు చూపించు," అంది.

అర్థం కాక చాపాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో చూసింది. గోళ్లు చూసింది.

"ఈ చేతులతోనేనా ఆ మందు కలిపేది?"

"అవునత్తమ్మా."

"ఎన్నాళ్ల నుంచి?"

"వచ్చిన దగ్గర నుంచి."

"నెలనెలా సరిగ్గా వస్తోందా నీకు?"

నేను తల దించుకున్నాను. ఆవిడ రెండోసారి అడగలేదు. నా చేతులు పట్టుకునే బావి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు రుద్ది, మోచేతుల దాకా కడిగింది. అప్పుడే చచ్చిన కప్పల్ని పట్టుకున్న మురికి అది, మందు కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా మూడుసార్లు కడిగింది.

కిమ్‌ఫుక్ పళ్లు తోముకుంటూ వచ్చి విషయం విని నా మీద లేచాడు. "పారేయమన్నానా లేదా? ఎన్నిసార్లు చెప్పాను?"

"పారేయమన్నావు," అంది అత్తమ్మ. "ఎందుకో చెప్పావా?"

"మందు కలిపిందని తెలీదా దీనికి?"

"ఒరే, తినేది కాదని తెలిసినవాడివి, పెళ్లాం చేత వట్టి చేతులతో ఎలా పిసికించావురా?"

ఆయన నోట్లో నురగ ఉమ్మేశాడు. "ఊరంతా అలాగే చేస్తున్నారమ్మా" అన్నాడు.

"రేపటి నుంచి ఊళ్లో ఈ ఒక్క ఇంట్లో మాత్రం నువ్వే పిసుకుతావు. చేపల నీళ్లు వదిలేదీ నా చెరువు వైపు కాదు."

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను ఆ చేటల్ని ముట్టుకోనివ్వలేదు. కిమ్‌ఫుక్ చేతి తొడుగులు కొనుక్కున్నాడు. వ్యాపారం మానలేదు, మానితే తిండి ఉండదు. మా పెద్దమ్మాయి పుట్టడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మేలో మొదటి వాన పడిన మర్నాడు ల్యుక్‌మొయ్ పిన్ని వచ్చింది. కాలవ దిగువ ఊరు ఆమెది. పన్నెండేళ్లుగా తోకకప్పలకు అందరికంటే ముందు వచ్చేది ఆమే. మోటార్‌సైకిల్‌కు చెరో పక్కా బకెట్ కట్టుకుని, వాకిట్లో ఆపకముందే కేకలు మొదలుపెట్టింది.

"మాన్‌మొయ్ అక్కా! రాత్రి వానకి మా ఊరిదాకా వినపడ్డాయే నీ కప్పలు! మా ఆయన నిద్రలేక నిన్ను తిడుతున్నాడు!"

అత్తమ్మ చేతిలో ముల్లంగి కోస్తున్న కత్తి ఉంది. దాన్ని పక్కన పెట్టి లేచింది. "ఈ ఏడు లేవు ల్యుక్‌మొయ్."

"ఏం లేవు?"

"పిల్లల్లేవు. గుడ్లు పడలేదు."

వాన మబ్బుకు పట్టపగలే కప్పలు అరుస్తున్నాయి. ల్యుక్‌మొయ్ పిన్ని చెరువు వైపు చూసింది, అత్తమ్మ వైపు చూసింది, పెద్దగా నవ్వింది. "చెవుల్లో దూది పెట్టుకున్నాననుకున్నావా? ఇన్ని అరుస్తుంటే గుడ్లు లేవంటావేంటి?"

"లేవు."

నవ్వు ఆగిపోయింది. "ఎవరైనా ఎక్కువిస్తామన్నారా? ఆ మాటే చెప్పు. పన్నెండేళ్ల నుంచి వస్తున్నదాన్ని, నాకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది అక్కా?"

అత్తమ్మ మొహం మాడిపోయింది. ఆవిడను ఎవరైనా అబద్ధాలకోరు అనడం నేను వినడం అదే మొదటిసారి. నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూడకుండానే, "ఆ-లాన్, టీ పెట్టు పో" అంది. ఆ తర్వాత ల్యుక్‌మొయ్ పిన్నితో, "ముసలిదాన్నయ్యాను. సరిగ్గా చూసుకోలేకపోయాను. తప్పు నాదే" అంది.

"నీ టీ నువ్వే తాగు," అని పిన్ని బండి తిప్పుకుంది. వట్టి బకెట్లు గుద్దుకుంటూ వీధి మలుపు తిరిగాయి.

అత్తమ్మ మళ్లీ ముల్లంగి ముందు కూర్చుంది. కత్తి పట్టుకుంది గానీ కోయడం లేదు. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆవిడ వాకిట్లోంచి ఒక మనిషి వట్టి చేతులతో వెళ్లింది, అదీ తిట్టుకుంటూ. ఆవిడ ఆ నింద నా కోసం మోసింది. నేను టీ పెట్టలేదు. చెప్పుల్లేకుండానే అడ్డదారిన పొలాల్లో పడి పరిగెత్తి కాలవ వంతెన మీద బండికి ఎదురు నిలబడ్డాను.

"పిన్నీ! మా అత్తమ్మ అబద్ధమాడలేదు. అవన్నీ మగవి. ఒక్క ఆడది కూడా లేదు. చేసింది నేను."

రొప్పుతూ రొప్పుతూ చెప్పాను. సగంలో ఆమె ఇంజన్ ఆపేసింది. అంతా విని వట్టి బకెట్ల వైపు చూసింది. నన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటోంది అనుకున్నాను.

"పోయినేడు నాకిచ్చినవి?" అంది. "అవీ ఆ మేతే తిన్నాయా?"

"తిన్నాయి."

"మొత్తం?"

"ఇరవై రోజులు తిన్నాకే మీరంతా వచ్చి తీసుకెళ్లారు పిన్నీ."

ఆమె బండి హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టుకుని కాలవలోకి చూసింది. "ఈసారి కొన్ని అమ్మకుండా ఉంచుకున్నాం, మేమే గుడ్లు పెట్టించుకుందామని," అంది. "రాత్రి మావి కూడా తెగ అరిచాయి. మా ఆయన ఎంత సంబరపడ్డాడో. ఇక మనం మాన్‌మొయ్ గుమ్మం తొక్కనక్కర్లేదే అన్నాడు."

మా చేపల చెరువుల నీళ్లు కూడా కలుపుకుని కాలవ వంతెన కింద నుంచి వాళ్ల ఊరి వైపే పోతోంది. మా ఇద్దరిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

"ఇంకెవరెవరికి ఇచ్చారు?" అంది.

పేర్లు చెప్పాను. తొమ్మిది ఇళ్లు.

"ఎక్కు. ఎవరింట్లోనైనా అంతకు ముందు ఏటివి ఒకటో రెండో మిగిలున్నాయేమో చూద్దాం. బయటివి ఎన్ని తెచ్చినా మీ అత్తవి కావు, ఆ సంతతిలో ఒక్క ఆడది దొరికినా చాలు ఆవిడకి."

రెండు బకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చీకటి పడేదాకా తొమ్మిది ఇళ్లూ తిరిగాం. ప్రతి ఇంటి ముందూ నేనే దిగి, నేనే చెప్పాను. ఒక ఇంట్లో ముసలాయన నా మొహం మీదే ఉమ్మేసినంత పని చేశాడు. ఒక ఇంట్లో ఏమీ అనకుండా కప్పల గుంట చూపించారు. ప్రతి ఇంట్లోనూ పోయినేటివి అరుస్తున్నాయి. పాతవి ఎవరూ ఉంచుకోలేదు. ఎందుకు ఉంచుకుంటారు, ఏటా మాన్‌మొయ్ దగ్గర దొరుకుతుంటే?

నేను వచ్చేసరికి అత్తమ్మ వంటింట్లో దీపం కింద కూర్చుని ఉంది. చెరువు హోరులో నా అడుగుల చప్పుడు ఆవిడకు వినపడలేదు. దగ్గరికెళ్లి ఎదురుగా కూర్చున్నాను. నా కాళ్లకున్న బురద చూసి ఎక్కడికెళ్లానో ఆవిడకు అర్థమైనట్టుంది.

"అందరికీ చెప్పావా?" అని నా చెవి దగ్గర వంగి అడిగింది.

"అందరికీ."

"ఒక్క ఆడదైనా ఉందా?"

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ లేచి, చెరువు వైపున్న కిటికీ తలుపులు దగ్గరికి లాగి గడియ పెట్టింది. ఆ ఇంటికి వచ్చాక వానొచ్చినా ఎండొచ్చినా ఆ కిటికీ మూయడం నేను చూడలేదు. ఉడికిన అన్నం నా గిన్నెలోకి వడ్డించింది. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

ఆ కప్పల్ని ఆవిడ ఎవరికీ అమ్మలేదు. అవి ఆగస్టు దాకా ప్రతి సాయంత్రం పిలుస్తూనే ఉన్నాయి.